చుట్టున్నర గుండె

మా బాపు లెక్కలో నిమిషం అనేది లేదు. ప్రార్థన ఉండేది, చుట్టు ఉండేది, అంతే.

గుర్రం దవడ ఎముక కింద, లోపలి వైపు, ఒక నాడి చేతికి తగులుతుంది. బాపు కుడిచేతి రెండు వేళ్ళు అక్కడ ఆనించి, కళ్ళు మూసుకుని, పరలోక ప్రార్థన మొదలుపెట్టేవాడు. నాడి ఒక్కసారి కొట్టుకుంటే ఎడమచేతి బొటనవేలు ఒక కణుపు జరిగేది. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకు పన్నెండు, అది ఒక చుట్టు. ఆమేన్ అనేసరికి బొటనవేలు ఎక్కడుందో చూసుకుని, "చుట్టున్నర, మంచిగున్నది" అనేవాడు. మూడు చుట్లు దాటితే ఆ గుర్రానికి ఆ పూట పని లేదు. మేజర్ సాబ్ చెప్పినా లేదు.

నేనొకసారి వాచీ పెట్టి చూశాను. బాపు ప్రార్థన సరిగ్గా అర నిమిషం. ఎన్నిసార్లు చూసినా అంతే. చుట్టున్నర అంటే అర నిమిషానికి పద్దెనిమిది, నిమిషానికి ముప్పై ఆరు. నెమ్మదిగా నిలబడ్డ మంచి గుర్రం గుండె అంతే కొట్టుకోవాలని పుస్తకంలో కూడా ఉందని చెబితే, "ఉండదా మరి? రాసినాయన కూడ యాడనో ఒక సయీసును అడిగే ఉంటడు" అన్నాడు.

బాపు సయీసు. అంటే గుర్రాలకు దానా పెట్టడం, తోమడం, మాలిష్ చేయడం, నడిపించడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం. మలక్‌పేట రేసుకోర్సు వెనక సందుల్లో, ఫౌజు నుంచి రిటైరైన మేజర్ సాబ్ ఒకాయన గుర్రపు సవారీ నేర్పే బడి నడిపేవాడు. రేకుల తబేలా, ఎనిమిది గుర్రాలు. బాపు ముప్పై ఏళ్ళు అక్కడే చేశాడు. నేను అఫ్జల్‌గంజ్ వైపు ఒక పెద్దాసుపత్రిలో ఈసీజీ తీసేదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల ఛాతీల మీద రబ్బరు బుడ్డీలు అంటించడం, వాళ్ళ గుండె గీతలను కాగితం మీదికి దింపడం నా పని. "నేను గుర్రాలను జూస్త, నా బిడ్డ గుండెలను జూస్తది" అని బాపు చర్చి వాకిట్లో అందరికీ చెప్పుకునేవాడు.

మా ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉండేది. అమ్మ ఉన్నన్నాళ్ళూ మధ్యలో కూర్చుని ఇద్దరినీ ఆపేది. అమ్మ పోయాక ఆపేవాళ్ళు లేరు కనుక మేమే లొల్లి పెట్టుకుని, అలిసిపోయి, మేమే చాయ్ పెట్టుకుని తాగేవాళ్ళం.

ఎనభైల నడుమ సంగతి ఇది. తబేలాలో ఒక ఎర్రటి ఆడగుర్రం ఉండేది. నుదుటి మీద తెల్లచుక్క. చిన్నప్పుడు రేసుల్లో ఉరికింది, వేగం తగ్గాక మేజర్ సాబ్ దగ్గరికి వచ్చింది. దానికి చప్పుళ్ళంటే ప్రాణం పోయేది. ఆటో సైలెన్సరు పేలినా నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టేది. దీపావళికి మూడు రోజులు బాపు దాని చెవుల్లో దూది పెట్టి, పక్కనే మంచం వేసుకునేవాడు. దాన్ని బేటీ అనేవాడు, నన్ను బిడ్డా అనేవాడు. గుర్రాలకు ఉర్దూ తప్ప తెలుగు రాదని ఆయన గట్టి నమ్మకం. రెండు మాటలకూ అర్థం ఒకటేనని నేను గుర్తు చేస్తే, "నువ్వు గడ్డి తినవు గద, నీకెందుకు కుళ్ళు" అనేవాడు. కుళ్ళు కొంచెం ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ ఏడు వానాకాలంలో మేజర్ సాబ్ దాన్ని వదిలించుకోవాలనుకున్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళను అది రెండుసార్లు కింద పడేసింది. చార్మినార్ దగ్గర పెళ్లి బ్యాండు నడిపే ఒకాయన వచ్చి, బారాత్‌కు బాగుంటుంది, నాకివ్వండి అని అడిగి వెళ్ళాడు. పెళ్లిగుర్రం అంటే ఏమిటి? ముందు బ్యాండు, పక్కన గ్యాస్ లైట్లు, కాళ్ళ దగ్గర పటాకులు. ఆ మాట విన్న రోజు బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేజర్ సాబ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చలికాలంలో ఊరి బయట సవారీ బడుల వాళ్ళంతా కలిసి నలభై కిలోమీటర్ల దూరపు సవారీ పెట్టుకుంటున్నారని బాపుకు తెలుసు. మేజర్ సాబ్‌కు అందులో పాల్గొనాలని మహా కోరిక, కానీ అంత దూరం వెళ్ళే గుర్రం లేదు.

"సాబ్, ఇది పోతది" అన్నాడు బాపు.

"యే? పాగల్ హో గయే క్యా? పటాకా పేలితే బెదురుతది."

"ఊరి బయట పటాకులుండయి సాబ్. దూరం పోయెటందుకు దిల్ గావాలె. దీనికి ఉన్నది."

మేజర్ సాబ్ చాలాసేపు మీసం దువ్వుకుని, సరే అన్నాడు. నలభై కిలోమీటర్లు తానే దాన్ని ఎక్కి వెళ్తాడు. పరీక్షలో పాసైతే గుర్రం తబేలాలోనే ఉంటుంది, ఎన్నటికీ బయటికి పోదు. ఫెయిలైతే బ్యాండు ఆయన తాడు పట్టుకుని వస్తాడు.

ఆ పరీక్షలో ముందొచ్చామా వెనకొచ్చామా అన్నది పెద్ద సంగతి కాదు. గమ్యం చేరిన అరగంటలో గుర్రం గుండె అరవై నాలుగుకు దిగాలి. దిగకపోతే దాని శక్తికి మించి తోలినట్టు లెక్క, ఎంత ముందొచ్చినా ఫెయిలే. బాపు దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు: రెండు చుట్ల ఎనిమిది. ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ కూడా "రెండు చుట్ల ఎనిమిది" అని గొణుక్కునేవాడు.

తబేలాకు వచ్చే పశువుల డాక్టరు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఒక ఆదివారం ఆయన ఒక మిషన్ పట్టుకొచ్చాడు. ఎవరి చేతనో విదేశం నుంచి తెప్పించుకున్నాడట. సబ్బుపెట్టె అంత డబ్బా, దాని మీద ఎర్ర అంకెలు వెలిగే చిన్న కిటికీ, రెండు వైర్లు, వైర్ల చివర రెండు బిళ్ళలు. ఒక బిళ్ళ జీను కింద మూపు దగ్గర, ఒకటి పొట్టపట్టీ కింద ఎడమ ముందుకాలి వెనక పెట్టాలి. డబ్బా జీనుకు వేలాడుతుంది. గుర్రం ఉరుకుతుండగానే గుండె ఎంత కొట్టుకుంటోందో అంకె కనబడుతుంది. కనబడాలి. డాక్టరు గంటసేపు తంటాలు పడ్డా మూడు సున్నాలు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు బాపు, అవమానం చేయడానికో సాయం చేయడానికో తెలియదు కానీ, "మా బిడ్డను విలుస్త, గామెకు ఎరుక" అని సైకిలేసుకుని చర్చికి వచ్చాడు.

నేను చర్చికి కట్టుకున్న పట్టుచీరతోనే తబేలాకు వెళ్ళాను. గుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. డబ్బా మీద మూడు సున్నాలు.

"జూడు బిడ్డా, జూడు. నీ మిషన్ లెక్క ప్రకారం ఇది సచ్చింది. సచ్చిన గుర్రం గడ్డి తింటదా?"

"నా మిషనెట్లయితది? డాక్టర్ సాబ్‌ది."

"కరెంటుతోని నడిచేటియన్ని నీయే."

నేను బిళ్ళ తీసి చూశాను. నా వేళ్ళు జారిపోయాయి. గుర్రం ఒళ్ళంతా నూనె. ఆవనూనె, వేడి చేసి, లోపల రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి. ఆదివారం ఆదివారం చర్చికి పోయే ముందు బాపు తన తలకు ఎంత రాసుకునేవాడో దానికి నాలుగింతలు దీనికి రాసేవాడు. మా ఆసుపత్రిలో ఛాతీకి నూనె రాసుకొచ్చిన ముసలాళ్ళను నేను రోజూ తిట్టేదాన్ని. నూనె ఉంటే గుండె సంగతి వైరులోకి రాదు. ఇక్కడ తిట్టాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

"నూనె తుడువాలె బాపు. ఉప్పునీళ్ళతోని తడపాలె."

"నూనె తుడుస్తవా? ముప్పై ఏండ్ల సంది పెడుతున్న మాలిష్ అది. దాని మీద చెయ్యేస్తే జూడు!"

మేమిద్దరం అరుచుకుంటుంటే డాక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఒళ్ళంతా నూనె ఉంటుంది, రెండు అరచేతులంత జాగా మాత్రం వదిలిపెట్టాలి. ఆ రెండు చోట్లా సబ్బుతో కడిగి, గ్లాసెడు నీళ్ళలో చెంచాడు ఉప్పు కలిపి, స్పాంజి ముంచి తడిపి, బిళ్ళలు పెట్టాను. సున్నాలు పోయాయి. ముప్పై ఎనిమిది అని వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. బాపు అంకె వైపు చూడనైనా చూడకుండా దవడ కింద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, "చుట్టున్నర మీద ఒకటి" అన్నాడు. పంతొమ్మిది రెళ్ళు ముప్పై ఎనిమిది. డాక్టరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. బాపు నా వైపు చూసి, "ఏమంటుండు?" అని అడిగాడు.

"నీ ప్రార్థన ఫారిన్ మిషనంత మంచిదట."

"గది నాకు ఎరుకే."

అక్కడి నుంచి మూడు నెలలు నా ఆదివారాలు, సెలవు రోజులు అన్నీ తబేలాలోనే. నున్నగా మెరిసే గుర్రం మీద రెండు వెలిసిన మచ్చలు చూసి పక్క తబేలా వాళ్ళు "ఏందన్నా, చెదలు వట్టిందా?" అని అడిగేవారు. బాపు నన్ను చూపించేవాడు.

పొద్దున్నే మేజర్ సాబ్ దాన్ని ఎక్కి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్ళేవాడు. అప్పట్లో చెరువు దాటితే పొలాలే. ఆయన డబ్బాలో అంకె చూస్తూ, నేను చెప్పినట్టే, నూట నలభై దాటగానే పగ్గం లాగి నడకలోకి దించాలి. ఫౌజు మనిషి, ఉరికించకుండా ఉండలేడు. తిరిగొచ్చాక "నూట నలభై దాటలేదు" అని నా మొహం చూడకుండా చెప్పేవాడు. నేను ఒకరోజు విసిగి, "సాబ్, ఆసుపత్రిలో బీడీ తాగలేదని చెప్పెటోళ్ళ మొకం కూడ గిట్లనే ఉంటది" అన్నాను. మేజర్ సాబ్ నవ్వేశాడు. ఆ రోజు నుంచి నిజం చెప్పడం మొదలుపెట్టాడు.

నేను అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. మొదట్లో చెరువుకట్ట ఎక్కేటప్పుడు నూట నలభై ఉండేది. నెల తిరిగేసరికి అదే కట్టకు, అదే వేగానికి, నూట ఇరవై అయింది. గుర్రం పైకి అదే గుర్రం, లోపల గుండె బలపడుతోంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. రోజూ మనుషుల పాడైపోతున్న గుండెలు చూసేదాన్ని. బాగుపడుతున్న గుండెను అంకెల్లో చూడటం అదే మొదలు. బాపు కూడా ఒప్పుకున్నాడు: "ఉరికే గుర్రం దవడ వట్టుకొని ప్రార్థన ఎవడు జేస్తడు? గంతవరకు నీ డబ్బా మంచిదే."

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. పని అయ్యాక గుండె దిగడం కుదురుగా ఉండేది కాదు. కొన్ని రోజులు పది నిమిషాల్లో అరవైకి వచ్చేది. కొన్ని రోజులు అరగంట అయినా డెబ్బై దగ్గర వేలాడేది. దూరం ఒకటే, ఎండ ఒకటే, దానా ఒకటే. డాక్టరుకు అంతుబట్టలేదు. మేజర్ సాబ్ బ్యాండు ఆయన పేరు ఎత్తడం మొదలుపెట్టాడు. బాపు ప్రార్థనలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉండసాగాడు.

ఒక ఆదివారం నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. బాగా దిగిన రోజుల పక్కన నేను ఊరికే రాసుకున్న ముక్కలు ఉన్నాయి. "బాపు దానా కోసం అఫ్జల్‌గంజ్ పోయిండు." "బాపుకు జ్వరం." "బాపు పెళ్లికి పోయిండు." దిగని రోజుల పక్కన ఏమీ లేదు. అంటే ఆ రోజుల్లో బాపు అక్కడే ఉన్నాడు.

నాకు మా ఈసీజీ గది గుర్తొచ్చింది. మంచం మీద మనిషి నెమ్మదిగా పడుకుని ఉంటాడు. గీతలు కుదురుగా వస్తుంటాయి. తలుపు తీసుకుని పెద్ద డాక్టరు లోపలికి వస్తాడు. అంతే, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. భయంతో అట్లా అవుతుంది. మరి దీనికి?

బాపు కండువా చివర ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ముడేసి ఉండేది. పని అయ్యాక దానికి పెట్టేవాడు. బెల్లం ఆశ కావచ్చు అనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి, బెల్లం నేనే తీసుకెళ్ళి పెట్టాను. గుర్రం తిన్నది, నా చెయ్యి నాకింది. అంకె రెండే రెండు పెరిగి, మళ్ళీ దిగింది. తర్వాత బాపును బెల్లం లేకుండా, కండువా లేకుండా, వేరే చొక్కా వేసుకుని రమ్మన్నాను.

"ఏంది బిడ్డా ఈ వేషాలు?"

"రమ్మంటే రా బాపు."

నేను డబ్బా ముందు నిలబడ్డాను. నలభై. సందు చివర బాపు సైకిలు బెల్లు వినబడింది. గుర్రం చెవులు లేచాయి. నలభై ఎనిమిది. సైకిలు స్టాండు వేసిన చప్పుడు. యాభై ఆరు. గేటు దగ్గర బాపు దగ్గాడు. అరవై రెండు. లోపలికి వచ్చి, "ఏమాయె బేటీ" అన్నాడు. డెబ్బై.

బాపు డబ్బా దగ్గరికి వచ్చి తొంగిచూశాడు. ఆయనకు డెబ్బై ఒక్కటే కనబడింది. ఆయన చూసేసరికి అంకె ఎప్పుడూ పెద్దదే మరి.

"గిందుకేనా విలిచినవ్? ఖరాబైంది నీ డబ్బా. ఊకె నిలవడ్డ గుర్రానికి డెబ్బై ఉంటదా?"

"డబ్బా ఖరాబు గాలే బాపు. నువ్వొచ్చినవ్, అందుకే పెరిగింది. నిన్ను జూస్తే దాని గుండె ఎగురుతుంది. ఊకె ఉన్న పూట నువ్వు పక్కనే నిలవడితే కాసేపటికి దిగుతది, ఉరికొచ్చినంక దిగుతలేదు."

బాపు నన్ను చూశాడు, గుర్రాన్ని చూశాడు. మొదట కోపం వచ్చింది. "అంటే నా వల్లనే ఫెయిలయితదంటవా?" అని గట్టిగా అరిచాడు. నాలుగడుగులు వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ తిరిగి వచ్చాడు. "నన్ను జూస్తే?" అన్నాడు, ఈసారి మెల్లగా. "ఎంత పెరుగుతది?"

"ముప్పై."

"ముప్పై అంటే అర నిమిషానికి పదిహేను. చుట్టు మీద మూడు." లెక్కపెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు కనబడకూడదనుకున్నాడు కానీ నవ్వు చెవుల దాకా వచ్చింది. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో, చర్చిలో, కిరాణా కొట్టులో, మా సందులో ఉన్న ప్రతి గడప దగ్గర ఆ మాట చెప్పాడు. "నేను పోతే నా బేటీ గుండె చుట్టు మీద మూడు ఎక్కువ గొట్టుకుంటది, మిషన్ల జూసిండ్రు." విన్నవాళ్ళకు చుట్టు అంటే ఏమిటో తెలియకపోయినా, అబ్బో అన్నారు.

చిన్నప్పుడు సందు మలుపులో ఆ సైకిలు బెల్లు వినబడితే నాకూ అట్లాగే అయ్యేది. నాకెవరూ వైర్లు తగిలించలేదు, అంతే తేడా.

అన్నం తిన్నాక బాపుకు అసలు సంగతి తట్టింది. కంచం పక్కన పెట్టాడు.

"అంటే గా దినం నేను దాని దగ్గర ఉండొద్దు."

"అవును బాపు."

"ముప్పై ఏండ్లల్ల, జరమో పెండ్లో అయితే తప్ప, పనిజేసి వచ్చిన గుర్రం దగ్గర నేను లేని దినం లేదు. నీళ్ళు నేనే వోసిన, నేనే నడిపించిన."

"ఎరుకే."

"సరే తియ్" అన్నాడు. చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి అట్లాగే పడుకున్నాడు.

చలికాలంలో ఆ రోజు రానే వచ్చింది. చెరువు అవతల మైదానంలో షామియానా, నీళ్ళ ట్యాంకరు, పద్నాలుగు గుర్రాలు. పరీక్ష చేసేది మా డాక్టరే. ఆ రోజు మమ్మల్ని ఎరగనట్టే ఉన్నాడు. మిషన్ లెక్క చెల్లదు, తన చెవికి స్టెతస్కోపులో వినబడేదే లెక్క అని ముందే చెప్పాడు. డబ్బా మాత్రం మా తృప్తి కోసం ఉంచుకోనిచ్చాడు. బాపు నాలుగు గంటలకే లేచి గుర్రాన్ని తోమి, నూనె పెట్టి, మొట్టమొదటిసారి నేను చెప్పకుండానే రెండు అరచేతుల జాగా వదిలిపెట్టాడు. మేజర్ సాబ్ ఎక్కి కూర్చోగానే దాని మెడ నిమిరి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు.

ఎండెక్కాక గుర్రాలు ఒక్కొక్కటే తిరిగి రాసాగాయి. మాది ఆరోది. మేజర్ సాబ్ మొహమంతా దుమ్ము, మీసం తెల్లగా. "ఏక్ బార్ భీ నహీ దౌడాయా, కసమ్ సే" అని, ఒక్కసారి కూడా ఉరికించలేదని ఒట్టు పెట్టి, దిగీ దిగకముందే నాకు చెప్పాడు. డబ్బా చూశాను. తొంభై రెండు. జీను తీసి, పట్టీలతో బిళ్ళలు మళ్ళీ కట్టి, మెడ మీద, కాళ్ళ మీద నీళ్ళు పోశాను. పది నిమిషాలకు ఎనభై. పదిహేను నిమిషాలకు డెబ్బై నాలుగు. ఇరవై నిమిషాలకు డెబ్బై రెండు. అక్కడ ఆగింది. మేజర్ సాబ్ వాచీ చూస్తున్నాడు. డాక్టరు పక్క గుర్రం దగ్గర నిలబడి మా వైపు చూడకుండా చూస్తున్నాడు.

గుర్రం చెవులు మాత్రం నా వైపు లేవు. నీళ్ళ ట్యాంకరు వైపు ఉన్నాయి.

వెళ్ళి చూస్తే ట్యాంకరు చక్రం వెనక బాపు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్ను చెట్టు కింద గూసోమన్ననా లేదా? పాసు గావాల్నా వద్దా నీకు? నడువు ఇక్కడికెల్లి!" అని మైదానమంతా వినబడేలా అరిచాను. పెద్దవాళ్ళు, ఊళ్ళో పేరున్నవాళ్ళు, అందరూ తిరిగి చూశారు. బాపు లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా నడిచాడు. నేను "ఇంక దూరం" అన్నాను. చెట్టు దాటాడు. "ఇంక దూరం బాపు." గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. చెరువుకట్ట ఎక్కి, అవతలికి దిగి, కనబడకుండా పోయాడు. అట్లా అరిచినందుకు నాకు అప్పుడే ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు.

డెబ్బై. అరవై ఎనిమిది. గుర్రం తల దించింది. ఒక కాలు వదులు చేసి నిలబడింది. అరవై ఐదు. అరవై మూడు. అరవై. నేను చెయ్యెత్తాను. డాక్టరు వచ్చి స్టెతస్కోపు పెట్టి వాచీ చూసుకున్నాడు. కాగితం మీద అరవై అని రాసి, సంతకం పెట్టి, అప్పుడు తలెత్తి నవ్వాడు. మేజర్ సాబ్ నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు.

నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని కట్ట మీదికి పరుగెత్తాను. అవతల, నీటి ఒడ్డున, బాపు కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు తన దవడ కింద, ఎడమచేతి బొటనవేలు కణుపుల మీద. పెదవులు కదులుతున్నాయి.

"నాది దిగుతలేదు బిడ్డా" అన్నాడు, నన్ను చూడగానే. "మూడు చుట్లయినంక లెక్క తప్పుతున్న. ప్రార్థనల రొట్టె అడిగేకాడికి వొచ్చి మల్ల మొదటికి వోతున్న."

నేను పక్కన కూలబడి ఆయన మణికట్టు పట్టుకుని వాచీ చూశాను. "తొంభై ఆరు. నువ్వు ఫెయిల్."

"మరి అది?"

"అరవై. పాసు."

బాపు కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "అయితే బ్యాండు ఆయన నన్ను దోల్కపోతడేమో" అన్నాడు. ఇద్దరం అక్కడే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం. అరిచినందుకు మన్నించమని అడగబోయాను. "గంత దూరం ఒర్రితివి, మీ అమ్మ యాదికొచ్చింది" అన్నాడు.

కట్ట మీదికి ఎక్కేసరికి మైదానంలో గుర్రం పక్కన డాక్టరు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాపును చూడగానే ఆయన గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "అరవై!" బాపు నాలుగడుగులు వేశాడు. గుర్రం తలెత్తింది. "అరవై ఆరు!" బాపు ఆగాడు. ఇన్నాళ్ళూ ఆయన చూడలేకపోయిన అంకె అది, ఇప్పుడు మైదానమంతా వింటోంది. ఇంకో నాలుగడుగులు. "డెబ్బై నాలుగు!" గుర్రం సకిలించింది. "ఎనభై రెండు!" మేజర్ సాబ్ చప్పట్లు కొట్టాడు, పక్క సయీసులు ఈలలు వేశారు. బాపు నడక పరుగైంది. డాక్టరు చదవడం మానేసి నవ్వుతూ నిలబడ్డాడు.

బాపు దాని మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో ఉర్దూలో ఏదో చెప్పాడు. తర్వాత కండువా ముడి విప్పాడు. బెల్లం ముక్కను పళ్ళతో రెండుగా కొరికి, ఒకటి దానికి పెట్టి, రెండోది నా చేతిలో పెట్టాడు.